కూలి పని వ్యాయామమేనా? పొగాకు షెడ్లలో అడగాల్సిన ప్రశ్న

‘పొద్దస్తమానం కష్టం చేసేవాళ్లం, మాకు మళ్లీ వ్యాయామం ఎందుకయ్యా?’ ప్రకాశం జిల్లా టంగుటూరు, కొండపి వైపు పొగాకు షెడ్లలో షుగరు మాట ఎత్తితే ఆడవాళ్ల నోట వచ్చే మాట ఇది. అందులో న్యాయం ఉంది. తెల్లారుజామునే ఇంటి పని ముగించి, క్యారేజీ కట్టుకొని, ఆటోలో ఇరుక్కొని పనికొచ్చిన మనిషిని వాకింగ్ చెయ్యమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయితే ఆ షెడ్డులో జరిగే పనిని కాస్త దగ్గరగా చూడండి. బ్యారన్ అనే వేడి గదిలో ఆరబెట్టి తెచ్చిన ఆకు గుట్టగా పోసి ఉంటుంది. చుట్టూ పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్లు ఒక్కో ఆకునూ వెలుతురుకు తిప్పి, రంగును బట్టి, మచ్చను బట్టి వేరు చేస్తుంటారు, దీన్నే గ్రేడింగ్ అంటారు. చేతివేళ్లు క్షణం ఆగవు. నడుము కింద మాత్రం గంటల తరబడి కదలిక లేదు. అలసట నిజం, నడుం నొప్పి నిజం. కానీ ఒంట్లోని చక్కెరను ఖర్చు చేయాల్సిన తొడ కండరాలకు ఆ రోజంతా పనే పడలేదు.

కష్టపడటం వేరు, కదలడం వేరు అని వ్యాయామ శాస్త్రానికి తొలిరోజుల్లో తెలియజెప్పిందీ కార్మికులే. లండన్ రవాణా సంస్థ సిబ్బంది మీద జెరెమీ మోరిస్ బృందం చేసిన పరిశోధన 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అవే బస్సులు, అవే రోడ్లు. డ్రైవరు షిఫ్టంతా సీట్లోనే ఉంటాడు. కండక్టరు డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొడతాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా కనిపించింది. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్లు లావుగా ఉండేవారని తర్వాత తేలడంతో దానిమీద వాదన నడిచింది, నడవాల్సిందే. అయినా తర్వాతి పరిశోధనలు ఆ మూల సూత్రాన్ని బలపరిచాయే తప్ప కొట్టెయ్యలేదు.

కారణం కండరంలో ఉంది. రక్తంలోని చక్కెర కండర కణంలోకి పోవాలంటే మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. టైప్ 2 మధుమేహంలో ఎంత తట్టినా ఆ తలుపు సరిగా తెరుచుకోదు. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు మాత్రం గ్లూట్ 4 అనే రవాణా ప్రోటీన్లు ఇన్సులిన్ పిలుపుతో పని లేకుండానే కణం అంచుకు చేరి చక్కెరను లోపలికి లాగుతాయి. షుగరు ఉన్నవాళ్లలోనూ ఈ దారి మూసుకుపోదు. నాకు వ్యాయామ పరిశోధన మొత్తంలో ఇంతకన్నా ధైర్యమిచ్చే సంగతి లేదు.

చెన్నై మనకు పరాయి ఊరు కాదు, నెల్లూరు జిల్లాలో పెద్ద జబ్బు వస్తే రైలెక్కేది అక్కడికే. అక్కడి డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ ప్రత్యేక సలహా లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో అది 39కి తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఇచ్చినవారిలోనూ దాదాపు అంతే. అంటే తిండి, నడకల మార్పు మాత్రతో సరిసమానంగా నిలిచింది. ఆ పరిశోధనలో కూర్చుని పనిచేసేవాళ్లకు రోజూ అరగంట చురుగ్గా నడవమని చెప్పారు, శారీరక శ్రమ చేసేవాళ్లను మాత్రం ఆ పనే కొనసాగించమన్నారు. నా సందేహం సరిగ్గా ఇక్కడే. ఏది శారీరక శ్రమ? గ్రేడింగ్‌కు కూర్చున్న మనిషిని ఏ వరుసలో వేస్తాం?

నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పొలాల్లో మార్పు ఇంకో రకం. కోత, మోత, నూర్పిడి అన్నీ యంత్రం ఒక్క పూటలో ముగిస్తోంది. నడుములు విరిగే చాకిరీ పోవడం మంచిదే, ఎవరూ వెనక్కి కోరుకోరు. కంచంలో అన్నం మాత్రం పాత కొలతే. మరోవైపు, రోజంతా బరువులు మోసే పని గుండెకు వ్యాయామంలా మేలు చేయదని, విశ్రాంతి లేకుండా రక్తపోటును పెంచుతుందని డెన్మార్క్ పరిశోధకులు వాదిస్తున్నారు. అది ఇంకా తేలలేదు. ‘మేం కష్టజీవులం, మాకేం కాదు’ అన్న నమ్మకాన్ని మాత్రం ఇక పక్కన పెట్టాల్సిందే.

డాక్టర్ల వైపూ లోటుంది. చీటీలో మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, తిండికి ముందా తర్వాతా అన్నీ రాసి, అడుగున ‘వాకింగ్’ అని ఒక్క ముక్క గీకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మోతాదు చెప్పింది: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ (చురుకైన నడకలాంటిది), కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. ఈ రెండోది మన జిల్లాల్లో ఏ డాక్టరు నోటా నేను వినలేదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు తగ్గించే మాత్ర వేసుకొని, తినకుండా దూరం నడిస్తే షుగరు పడిపోవచ్చు. కాళ్ల తిమ్మిరి ఉన్నవాళ్లు ఒట్టికాళ్లతో నడిస్తే పుండు పడినా తెలియదు. ఇవీ చీటీలో రాయాల్సినవే. మందులాగే దీనికీ జాగ్రత్తలున్నాయి, మందంత బలమూ ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాక మూడేళ్లు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్లకు నూటికి 90 మంది బతికి ఉన్నారు. సలహా పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83 మంది. 889 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి.

పొగాకు షెడ్లకు పనికొచ్చే పరిశోధన మాత్రం ఆస్ట్రేలియాలో జరిగింది. డేవిడ్ డన్‌స్టన్ బృందం 2012లో బరువు ఎక్కువున్న 19 మందిని అయిదు గంటలు కూర్చోబెట్టి, ప్రతి 20 నిమిషాలకూ రెండేసి నిమిషాలు నడిపించి చూసింది. ఆగకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే, ఆహారం తీసుకున్నాక పెరిగే చక్కెర మెల్లగా నడిచినా దాదాపు పావు వంతు తగ్గింది. జిమ్ము లేదు, బూట్లు లేవు, ఖర్చు లేదు.

ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు తలుచుకుంటే వచ్చే సీజనులో దీన్ని మన షెడ్లలోనే పరీక్షించవచ్చు. ఊళ్లో బీపీ, షుగరు చూసే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఎలాగూ ఉన్నారు. ‘ఏం పని చేస్తావమ్మా’ అని అడగడంతో ఆగకుండా, ‘అందులో ఎంతసేపు కూర్చుంటావు’ అని కూడా అడిగి రాసుకుంటే సగం సమాచారం వచ్చేస్తుంది. అడ్డం పడేది కూలి లెక్క. కిలోకి ఇంత అని ఇచ్చే చోట లేచి నడిచిన ప్రతి నిమిషమూ ఆమె చేతి నుంచి పోయే డబ్బే. రోజు కూలి ఇచ్చే చోట మేస్త్రీ ఊరుకోడు. కాబట్టి లేవమని ఆమెకు చెప్పే ముందు ఆ నిమిషాలను కూలిలో కలిపే ఒప్పందం షెడ్డు యజమానితో కుదరాలి. ఆ మాట వైద్యులే పోయి అడగాలి.