కెపాసిటర్ పీకేయకండి, ట్వీటర్ మాడిపోతుంది

‘స్పీకర్ పాడైందా? ఇంట్లోనే బాగుచేసుకోండి’ అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపుతున్నవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ అందులో ఒక సలహా చూస్తే ఒళ్లు మండుతోంది.

‘ట్వీటర్ పలక్కపోతే దాని ముందున్న కెపాసిటర్ పీకేసి వైరు నేరుగా కలపండి, సౌండ్ క్లియర్‌గా వస్తుంది’ అట. ట్వీటర్ అంటే స్పీకర్ పెట్టెలో సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం. ఆ కెపాసిటర్‌ని అక్కడ పెట్టిందే బేస్‌ని ఆపడానికి! 8 ఓమ్స్ ట్వీటర్‌కి 6.8 మైక్రోఫారడ్ వేశారనుకోండి. సుమారు 3000 హెర్ట్జ్ నుంచి కిందికి వచ్చేకొద్దీ అది అడ్డు పెంచుతూ పోతుంది. 100 హెర్ట్జ్ దగ్గర 230 ఓమ్స్ పైచిలుకు అడ్డు నిలుస్తుంది. దాన్ని తీసేస్తే డోలు దెబ్బలన్నీ ట్వీటర్ లోపలి వెంట్రుకంత తీగచుట్ట, అంటే కాయిల్ మీద పడతాయి. వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, కాయిల్ మాడుతుంది. పాత ఎలక్ట్రోలైటిక్ (లోపల తడి ఉండే రకం) కెపాసిటర్ ఎండిపోయి ట్వీటర్ మందగించే మాట నిజమే. అప్పుడు అదే విలువది కొత్తది వేయాలి, అదీ బైపోలార్‌ది (ప్లస్, మైనస్ తేడా లేనిది). ప్లాస్టిక్ పొరతో చేసే ఫిల్మ్ రకం అయితే ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది. అసలు ముందు ట్వీటర్ వైరు ఒకటి విప్పి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడండి. రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు. ఇక కెపాసిటర్ పీకినా పలకదు. మరి ఈ సలహా ఎవరి కోసం? బతికున్న ట్వీటర్‌ని చంపాలనుకునేవాళ్ల కోసమా?

‘మీటర్‌లో 8 రాకపోతే ఊఫర్ పోయినట్టే’. కాదు. ఊఫర్ అంటే బేస్ పలికే పెద్ద భాగం. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, అంటే ఒకే దిశలో పారే కరెంటుకి తీగ ఇచ్చే అడ్డు; ఊఫర్ మీద రాసే 8 పాట సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు. 8 ఓమ్స్ ఊఫర్‌కి 6 దరిదాపుల్లో రావడం మామూలే. దయచేసి బాగున్నదాన్ని పారేయకండి.

‘ఓమ్స్ కలిస్తే ఏ ఊఫరైనా సరిపోతుంది’. సరిపోదు. పెట్టె సైజు, క్రాసోవర్ (సన్నని, లావు శబ్దాల్ని విడదీసి పంపే సర్క్యూట్) ఆ పాత ఊఫర్‌కి తగ్గట్టు చేసినవి.

‘బంగారు పూత ప్లగ్గులు వేస్తే సౌండ్ మెరుగవుతుంది’ అన్నదీ కాదు. వాటితో తుప్పు పట్టదు, అంతే.

ఊఫర్ కోన్ (ఊగుతూ శబ్దం చేసే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు చిరిగితే సూపర్ గ్లూ పూయమనడం కూడా తప్పే. అది గట్టిపడి కోన్ కదలికను పట్టేస్తుంది. పైగా ఫోమ్ ఒకచోట చిరిగిందంటే మిగతాదంతా పుచ్చిపోయే ఉంటుంది. కొలత సరిపోయే కొత్త రింగు తెచ్చి, ఆరాక కూడా సాగే జిగురుతో అతికించాలి. జిగురు పట్టేలోగా కోన్‌ని వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి. కాయిల్ రాసుకున్న చప్పుడు వస్తే అప్పుడే సర్దాలి.

కాగితం కోన్‌కి చిన్న చిరుగు పడితే టిష్యూ ముక్క, తెల్ల జిగురుతో అతికించమన్నారే, అది మాత్రం పక్కా మాట. నేనైతే అదే చేయమంటాను. జిగురులో కాసిని నీళ్లు కలిపి పల్చగా రాయండి, కోన్ బరువెక్కకుండా.