మార్ఫిన్ బీరువా తాళం రాత్రిపూట ఎవరి దగ్గర?

మీ ఊళ్లో హాస్పిస్, అంటే నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే కేంద్రం, ఎలా ఉందో తెలుసుకోవడానికి నేనైతే ఒక్క ప్రశ్నే అడుగుతాను. రాత్రి రెండింటికి మార్ఫిన్ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మార్ఫిన్ అంటే నల్లమందు నుంచి తీసే, భరించలేని నొప్పికి ఇచ్చే మందు. తోట ఎంత పెద్దదో, గదిలో ఏసీ ఉందో లేదో, గూగుల్‌లో ఎన్ని స్టార్లు వచ్చాయో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. తాళం సంగతి తేల్చుకోకుండా మిగతావి చూడటమంటే, పెళ్లికొడుకుని చూడకుండా కల్యాణ మండపం చూసి సంబంధం ఖాయం చేసుకోవడమే.

ఈ ప్రశ్న నాకు మా మేనత్త మంచం దగ్గర దొరికింది. ఆవిడది శ్రీకాకుళం జిల్లా. ఆ వైపు పల్లెల్లో చాలామంది ఆడవాళ్లలాగే అడ్డపొగ పీల్చేది, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లోకి తిప్పి పెట్టుకునేది. నలభై ఏళ్ల అలవాటు చివరికి అంగిట్లో పుండై కూర్చుంది. రేడియేషన్ అయింది. ఇక చేసేదేం లేదన్నారు డాక్టర్లు. ఎవరో చెబితే ఓ సేవా సంస్థ నడిపే కేంద్రంలో చేర్చాం. పేరు అనవసరం. అద్దంలా తుడిచిన నేల, గోడల మీద పూల బొమ్మలు, ఆదివారమైతే పళ్లు పంచడానికి వచ్చే కాలేజీ పిల్లలు. అదంతా చూసి మా నాన్న కళ్లనీళ్లు పెట్టుకుని, "మన ఇంట్లో కూడా ఇంత బాగా చూడలేం" అన్నారు.

మూడో రాత్రి తోడుగా నేనున్నాను. పన్నెండు దాటాక అత్త మంచం కమ్మీ పట్టుకుని ఊగడం మొదలుపెట్టింది. డ్యూటీ సిస్టర్ వచ్చింది. మంచి పిల్ల, ట్రైనింగ్‌లో నేర్పినట్టే అడిగింది: "సున్నా నుంచి పదిలో నొప్పి ఎంతుందమ్మా?" బడి ముఖం చూడని మా అత్త, మాట తిరగని ఆ నోటితోనే చెప్పింది: "పదారణాలూ ఉంది తల్లీ." సిస్టర్ కేస్ షీట్‌లో పది అని రాసుకుంది. రాసుకుని, బీరువా తాళం మేనేజర్ గారి దగ్గర ఉంటుందనీ, ఆయన ఎనిమిదింటికే ఇంటికెళ్లిపోతారనీ, పొద్దున్నే వస్తారనీ చెప్పి ఒక పారాసిటమాల్ తెచ్చి ఇచ్చింది. ఆ ఇనప బీరువా మంచానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. తలుపు మీద వినాయకుడి స్టిక్కర్. తెల్లారేదాకా ఆ స్టిక్కర్ చూస్తూ కూర్చున్నాను.

మార్ఫిన్ మాత్ర ఖరీదైనదేం కాదు. మామూలు రకం నాలుగు గంటలకోసారి పడాలి, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఇంకో డోసు ఇవ్వాలి. ఆఫీసు టైమింగ్స్ చూసుకుని వచ్చే నొప్పి కాదు కదా! అయినా మన కేంద్రాల్లో ఆ మాత్రని బంగారం దాచినట్టు దాస్తారు. ఎందుకు దాస్తారో ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1985లో మత్తుమందుల్ని అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. లైసెన్సు మీద లైసెన్సు, సంతకం మీద సంతకం, ఏదైనా తేడా వస్తే జైలు. ఆసుపత్రులూ మందుల షాపులూ మనకెందుకీ గొడవ అని స్టాకు పెట్టడమే మానేశాయి. పన్నెండేళ్లు తిరిగేసరికి దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో శుద్ధి చేసిన నల్లమందు విదేశాలకి వెళ్తుంటే, మన క్యాన్సర్ వార్డుల్లో మనుషులు గోడకేసి తల బాదుకున్నారు. 1993లో కోజికోడ్‌లో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యం) సొసైటీ మొదలుపెట్టిన డాక్టర్ రాజగోపాల్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి వెంటపడితే 2014లో చట్టం మార్చారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థకి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ ఇచ్చే ఒక్క అనుమతి చాలు.

అందుకే "రూల్స్ ఒప్పుకోవండీ" అనే మాట ఇప్పుడు ఎవరన్నా నేను వినను. చట్టం లెక్క రాయమంటుంది, భద్రంగా పెట్టమంటుంది. నొప్పి పెరిగితే ఎంత ఇవ్వాలో డాక్టర్ ముందే రాసి సంతకం పెట్టి ఉంచితే రాత్రి నర్సు ఇవ్వొచ్చు. మా అత్త విషయంలో తాళాన్ని ఇంటికి పట్టుకెళ్లింది మేనేజర్ గారి భయం. ఆ భయాన్ని ఎలా సర్దుబాటు చేసుకున్నారన్నదే ఒక హాస్పిస్ నాణ్యత. డాక్టర్ రాత్రి ఫోన్ ఎత్తుతాడా, నర్సు మీద నమ్మకం ఉందా, రిజిస్టర్ సక్రమంగా ఉందా, స్టాకు అయిపోక ముందే తెప్పిస్తున్నారా, ఇవన్నీ ఆ ఒక్క తాళంతోనే తెలిసిపోతాయి.

స్టార్ల సంగతి చూద్దాం. హోటల్‌కి వెళ్లినవాడు తిరిగొచ్చి రివ్యూ రాస్తాడు. హాస్పిస్‌కి వెళ్లినవాడు రాడు. రాసేది కొడుకో కోడలో, అది కూడా దినం భోజనాల అలసటలో, అంత్యకాలంలో ఆదరించిన వాళ్ల మీద కృతజ్ఞతతో. "ప్రశాంతమైన వాతావరణం, స్టాఫ్ చాలా ఓపిక" అని రాస్తారు. మేమూ ఐదు స్టార్లే ఇచ్చాం. ఆ రాత్రి నా కళ్లముందు జరిగాక కూడా ఇచ్చాం. ఉచితంగా చూసినవాళ్ల మీద నాలుగు స్టార్లు వెయ్యడానికి చెయ్యి రాలేదు.

అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్లు ఈ మొహమాటాన్ని కాస్త దాటగలిగారు. రోగి పోయిన కొన్నాళ్లకి కుటుంబానికి ప్రశ్నపత్రం పంపిస్తారు, ఏ హాస్పిస్ ఫలితం ఆ హాస్పిస్ పేరు మీద వెబ్‌సైట్‌లో పెడతారు. సాయంత్రాలు, శని ఆదివారాలు, సెలవు రోజుల్లో పిలిస్తే సాయం అందిందా అని అందులో ప్రత్యేకంగా ఓ ప్రశ్న ఉంటుంది. చివరి మూడు రోజుల్లో నర్సో సోషల్ వర్కరో మనిషి దగ్గరికి వచ్చారా అన్నదీ లెక్క కడతారు. అంటే వాళ్లు కూడా తాళం గురించే అడుగుతున్నారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. లాభాల కోసం కంపెనీలు దూరి, చావుకి దగ్గర్లో లేనివాళ్లని కూడా చేర్చుకుని బిల్లులు పెట్టిన కేసులు కొల్లలు. కాలిఫోర్నియా 2022లో కొత్త లైసెన్సులే ఆపేసింది. కానీ మోసం బయటపడాలన్నా ముందు ఎక్కడో ఓ లెక్క ఉండాలి. అమ్మానాన్నల్ని డాలస్ తీసుకెళ్లిన మనవాళ్లు ఆ వెబ్‌సైట్‌లో పోల్చి చూసుకోగలరు. ఖమ్మంలో ఉన్న తమ్ముడు ఏం చూసుకోవాలి?

తాళం తర్వాత నేను చూసేది వాసన. నోటి క్యాన్సర్లు ఎక్కువున్న దేశం మనది. పుండు బయటికి పగిలితే వచ్చే వాసన నొప్పి కంటే ఎక్కువగా మనిషిని ఒంటరిని చేస్తుంది. దానికి మందు లేదా అంటే ఉంది. విరేచనాలకి మనం మింగే మెట్రోనిడజోల్ మాత్రే. నూరి పొడి చేసి డ్రెస్సింగ్‌లో చల్లితే చాలావరకు తగ్గుతుంది. అందుకే హాస్పిస్ గుమ్మంలో అడుగుపెట్టగానే అగరొత్తుల వాసన గుప్పుమంటే నాకు భక్తి కలగదు, అనుమానం వస్తుంది. మా అత్త మంచం పక్కన పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి కడ్డీ వెలిగించేవాళ్లు. ఆవిడ మనవడు, ఆరేళ్లవాడు, గుమ్మం దగ్గరే నిలబడి చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. పదో రోజున వేరే ఊరి నుంచి వచ్చిన ఓ నర్సు మాత్రల పొడి వెయ్యడం మొదలుపెట్టింది. ఇంకో మూడు రోజులకి వాడు మంచమెక్కి కూర్చున్నాడు. అలాగే, మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కాబట్టి, అది రాసిన చీటీలోనే మలబద్ధకానికి మందు కూడా ఉందా లేదా అని చూడండి. లేకపోతే ఆ డాక్టర్‌కి ఈ పని కొత్తన్నమాట.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చాలామంది హాస్పిస్‌ని వెతుక్కునేది నొప్పి తగ్గించుకోవడానికి కాదు. ఇంట్లో చావు జరిగితే ఓనర్ ఒప్పుకోడు, శవాన్ని గేటు లోపలికి రానివ్వడు. దాంతో ఆఖరి రెండు రోజులు ఉందనగా తెచ్చి పడుకోబెడతారు. అప్పటికి ఏ నర్సయినా చేసేది తక్కువ. ఒక కేంద్రంలో చేరినవాళ్లు సగటున ఎన్ని రోజులు ఉంటున్నారో అడిగితే, ఆ ఊరి క్యాన్సర్ డాక్టర్లు రోగుల్ని ఎంత ఆలస్యంగా పంపిస్తున్నారో కూడా బయటపడుతుంది. హాస్పిస్ అంటే పోవడానికి అద్దెకిచ్చే గది అన్న అభిప్రాయం ఇక్కడే పుట్టింది. తెలంగాణలో ఆలన పేరుతో ఇంటికే వెళ్లే బృందాలు ఉన్నాయి, అది మంచి ఆలోచన. వాటినీ ఇదే ప్రశ్న అడగాలి. వ్యాన్ సాయంత్రం వెళ్లిపోయాక రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారు?

ఇలాంటివి నడిపేవాళ్ల కష్టం నాకు తెలియంది కాదు. చందాలతో బండి లాగుతున్నారు. నర్సులు విదేశాలకి వెళ్లిపోతున్నారు. ఉన్నవే వేళ్లమీద లెక్కపెట్టేన్ని, ఇప్పుడు తనిఖీలూ ర్యాంకులూ అంటూ వెంటపడితే అవి కూడా మూతపడతాయని వాళ్ల భయం. పాలియేటివ్ కేర్ అవసరమైనవాళ్లలో 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, మన దగ్గర అంతకంటే తక్కువ. ఆకలితో ఉన్నవాడి ముందు రుచి గురించి మాట్లాడతావా అంటారు. సరే. కానీ నేను అడిగేది కొత్త భవనమో ఖరీదైన మిషనో కాదు. తాళం చెవి ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి మార్చమంటున్నా. దానికి చందా అక్కర్లేదు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. ఊరికే వచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదని మనవాళ్లు అంటారు. ఆ ఒక్క మాట మన సేవారంగాన్ని ఎంత పాడుచేసిందో చెప్పలేను. వృద్ధాశ్రమం, అనాథాశ్రమం, ఉచిత కంటి శిబిరం, ఏదైనా కానివ్వండి, వెనక బ్యానర్ కట్టి, దాత చేత పండు ఇప్పించి ఫొటో తీసుకుంటే ప్రశ్నలు ఆగిపోతాయి. ఫొటోలో పండు పట్టుకున్న ముసలాయన నవ్వకపోతే, నవ్వమని చెప్పి ఇంకో ఫొటో తీస్తారు. డబ్బు కట్టిన కార్పొరేట్ ఆసుపత్రిలో కాఫీ చల్లారిందని గొడవ పెట్టేవాడే, ఉచిత కేంద్రంలో తల్లి వీపు మీద పుండు పడినా చేతులు జోడిస్తాడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పితే చాలావరకు రాని పుండు అది.

ప్రభుత్వం ఇచ్చే ఉచితమూ అంతే. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఆ ముందురోజు అక్కడ నిలబడి, పనిముట్లు ఎలా శుభ్రం చేస్తున్నారు అని ఓ ఆడమనిషి అడిగి ఉంటే ఏమయ్యేది? "ఉచితంగా చేస్తుంటే ఇంకా ప్రశ్నలా" అనేవాళ్లు. ఉచితం అనగానే తీసుకునేవాడి నోరు కట్టుబడిపోతుంది. ఇచ్చేవాడికి పుణ్యం వస్తుంది కాబట్టి నాణ్యత గురించి వేరే ఆలోచించక్కర్లేదు. హాస్పిస్‌లో ఉన్నవాడి సంగతి మరీ ఘోరం. వాడికి ఓటు వెయ్యడానికి వచ్చే ఎన్నికలుండవు, కేసు వెయ్యడానికి టైముండదు, ఫిర్యాదు చెప్పడానికి మా అత్తలా నోరే ఉండకపోవచ్చు. తీసుకునేవాడు అడగలేడు కనుక ఇచ్చేవాడే అడిగి తీరాలి. 2011లో బంజారాహిల్స్ రోటరీ వాళ్లు మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో సొంత భవనంలో ఉంది, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. అంటే ఈ పని మన ఊళ్లో చేతకానిదేం కాదు. చందా చెక్కు రాసేవాళ్లు, పుట్టినరోజుకి అన్నదానం చేయించేవాళ్లు, చెక్కు చేతికివ్వబోయే ముందు బీరువా చూపించమని అడగొచ్చు.

ఈ వ్యాసం రాయడానికి ముందు నేనే మూడు చోట్లకి వెళ్లి అడిగి చూశాను. మొదటిచోట రిసెప్షన్‌లో ఉన్నాయన, "డొనేషన్ ఇవ్వడానికా, పేషెంట్‌ని చేర్చడానికా?" అన్నారు. రెండూ కాదంటే తల దించుకుని తన పనిలో పడిపోయారు. రెండోచోట ట్రస్టీ గారు టీ తెప్పించి, భవనం మొత్తం తిప్పి చూపించి, లిఫ్టు ఎవరి జ్ఞాపకార్థం కట్టించారో చెప్పారు. తాళం గురించి మాత్రం కనుక్కుని ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చెయ్యలేదు.

మూడోది ఊరి చివర, పెచ్చులూడిన పాత బిల్డింగ్. రాత్రి డ్యూటీ సిస్టర్‌ని అడిగితే ఏం మాట్లాడకుండా నడుముకి గుచ్చుకున్న పిన్నీసు విప్పి తాళం చెవి చూపించింది. రిజిస్టర్ చూడొచ్చా అన్నాను. పేరున్న గడి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ముందురోజు పేజీ తీసింది. రాత్రి 2.20, నొప్పి 8, మార్ఫిన్ పది మిల్లీగ్రాములు, సంతకం. కింద గీతలో 3.15, నొప్పి 3, నిద్రపోతున్నారు, సంతకం.