సూది వెయ్యని డాక్టరమ్మ

మా ఆవిడ క్లినికల్ సైకాలజిస్టు. చుట్టాల పెళ్లిళ్లలో ఈ సంగతి బయటపెట్టం. పెడితే కొందరు "అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అంటూ మొహం ముందుకు చాపుతారు. మిగతావాళ్లు గబగబా కుర్చీ మారిపోతారు.

అమలాపురం పెళ్లిలో మా మేనత్త నోరు జారింది. అదీ బంతిలో కూర్చున్నాక, పనసపొట్టు కూర ఇంకా రెండాకుల అవతల ఉండగా.

"చినవాల్తేరు పిచ్చాసుపత్రిలోనా అమ్మాయ్?" అన్నాడు పక్కాకు ముందున్న మా పెదనాన్న.

కాదంది. మందులు రాసేది ఎం.బి.బి.ఎస్. చదివొచ్చిన సైకియాట్రిస్టులనీ, తాను ఎం.ఫిల్. చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్లో రిజిస్టరు చేయించుకున్నాననీ, తన వైద్యమంతా మాటలతోనేననీ ఓపిగ్గా చెప్పింది.

"పోనీ, సూదైనా వెయ్యవా?"

ఆయన లెక్కలో సూది వెయ్యని డాక్టరంటే తాళి కట్టని పెళ్లికొడుకే. "మాట్లాడ్డానికి ఫీజా! రావిచెట్టు కింద పొద్దస్తమానం మేం చేసేదేంటి మరి?"

ఎదురు వరసలోంచి పిన్ని, ఎక్కడ చదివావమ్మా అంది. ఆంధ్రా యూనివర్సిటీ అని ఊరుకుంటే పోయేది. ఊరుకుంది కూడా. పక్కనున్న రిటైర్డు మేష్టారే "అక్కడ పారాసైకాలజీ కూడా ఉంది, 1967లో పెట్టారు, అతీంద్రియ శక్తుల మీద పరిశోధన" అని అందించారు. అంతే, పిన్ని వాళ్ల పెరటి చింతచెట్టు మీద ఉంటున్నావిడ గురించి ఎత్తుకుంది. అంతవరకూ సైకాలజీ అంటే పెదవి విరిచినవాళ్లంతా దెయ్యాల చదువనేసరికి సర్దుకుని కూర్చున్నారు.

పెదనాన్నకి మాత్రం ఒళ్లు మండింది. "అంతా బూటకం. నాకు రాత్రి మూడింటికి మెలకువొచ్చేస్తుంది. అలాగని ఎవడి దగ్గరికైనా పోయానా?"

"మూడింటికి లేచి ఏం చేస్తారు మావయ్యగారూ?" అంది మా ఆవిడ.

కొంప మునిగింది అక్కడే. గట్టు తగాదాతో మాటలు పోయిన తమ్ముడు, వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ తప్ప ఏమీ పంపని అమెరికా కొడుకు, పోయిన పెద్దమ్మ... ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. మా ఆవిడ చెయ్యి కలిపిన ముద్ద దగ్గరే ఆగిపోయింది. బూరె గుంటలో పోసిన నెయ్యి తెల్లగా పేరుకుంది. తర్వాతి బంతికి కాచుకున్నవాళ్లు కుర్చీల వెనక నిలబడి గొంతులు సవరించుకుంటున్నారు. వృత్తి నియమాలేవీ లేనివాణ్ణి కాబట్టి నేను రెండో బూరె కూడా వేయించుకున్నాను.

చివరికి పెదనాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏవిటో, తేలిగ్గా ఉంది. అయినా అంతసేపూ మాట్లాడింది నేను. నువ్వు ఊఁ కొట్టడం తప్ప చేసిందేముంది? లెక్కప్రకారం ఫీజు నాకే రావాలి."

ఈలోగా వడ్డన కుర్రాడు ఆవిడ ఆకు మడిచి పట్టుకుపోయాడు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన పెదనాన్న వస్తూ వస్తూ బావమరిదిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"వీడికీ నిద్ర లేదమ్మాయ్. కూర్చోరా, మొహమాటపడకు. అమ్మాయి భోజనం కూడా అయిపోయింది."