ఆ ఈసీజీకి జవాబిచ్చేది ఎవరు?
జిల్లా ఆసుపత్రులను హైదరాబాద్ పెద్దాసుపత్రులతో కలిపితే గుండెపోటు వైద్యం మెరుగవుతుందన్న వ్యాసం సరైనదే. కానీ ఒప్పందం మీద సంతకాలతోనే పని జరగదు. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచే రకం గుండెపోటని తేలాక 120 నిమిషాల్లో క్యాథ్‌ల్యాబ్‌లో (గొట్టం పంపి గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గదిలో) మూసుకుపోయిన రక్తనాళం తెరిచే వీలు లేదనుకుంటే, రక్తస్రావం భయం లాంటివి లేవని చూసుకుని జిల్లా ఆసుపత్రిలోనే టెనెక్టిప్లేజ్ (రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్) ఇచ్చి పంపాలి. మోతాదు బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, 75 ఏళ్లు దాటితే అందులో సగం.

ఆగేది ఎక్కడంటే, జిల్లా ఆసుపత్రి నుంచి ఈసీజీ ఫొటో డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో పడుతుంది, చూసినవాళ్లంతా ఇంకెవరో జవాబిస్తారులే అనుకుంటారు. అందుకే జవాబివ్వడానికి షిఫ్టుకు ఒక్క డాక్టరు, ఒకే నంబరు ఉండాలి. ఇంజెక్షన్ క్యాజువాలిటీలోనే ఉంచాలి. రాత్రి స్టోర్‌కు తాళం పడితే అది ఉన్నా లేనట్టే. రెఫరల్ చీటీలో మందు ఇచ్చిన టైము తప్పనిసరి (ఎక్కువగా మరిచేది ఇదే). మందు ఇచ్చిన 60-90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీసినప్పుడు ఎస్‌టీ పెరుగుదల సగమైనా తగ్గకపోతే వెంటనే యాంజియో (రక్తనాళాల్లో అడ్డును చూసే పరీక్ష), తగ్గితే 2 నుంచి 24 గంటల మధ్య. టైము లేకపోతే ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇక, పంపిన రోగి ఏమయ్యాడో చిన్నాసుపత్రికి చెప్పేవాళ్లు అరుదు. ఆలస్యమైన కేసులను నెలకోసారి రెండువైపులా కలిసి చూడాలి, 108 సిబ్బందినీ నర్సులనూ కూర్చోబెట్టుకుని.