నిజాం గారి బెంజో

డప్పులాంటి తోలు గుండ్రానికి పొడుగు కాడ తగిలించిన తీగల వాద్యం బెంజో. పాతది కొనేముందు నెక్ (ఆ కాడ) వంగిందా, తోలు చిరిగిందా, మోత ఎలా ఉంది అని అమెరికాలో గంటలకొద్దీ చూస్తారట. చరిత్ర తక్కువున్న దేశం, పాపం, వస్తువునే చూసుకోవాలి. మనకు ఆ అవస్థ లేదు. హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో దుమ్ము మందం చూస్తే వయసు తెలిసిపోతుంది. పొరపాటున తుడిచారో, ధర సగానికి పడుతుంది.

ఇక వంశం. మన దగ్గర ఏ పాత సామానైనా నిజాం గారి దేవిడీ నుంచే వస్తుంది. 1911 నుంచి 1948 దాకా ఏలిన ఏడో నిజాం పొదుపుకు పేరుపడ్డ మనిషి. ఇన్ని గడియారాలు, గ్రామఫోన్లు, బెంజోలు ఎప్పుడు కొన్నారో, రాజ్యం ఎప్పుడు చూసుకున్నారో చరిత్రకారులే తేల్చాలి.

నిర్మాణం సంగతికొస్తే, తీగలను ఎత్తిపట్టే చిన్న చెక్కముక్కను, అంటే బెంజో బ్రిడ్జిని, ఎక్కడా అతికించరు. తీగల ఒత్తిడికే తోలు మీద నిలబడుతుంది. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీకి) ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే ఉండాలి. నేను చూసినదాంట్లో దాన్ని జిగురేసి అతికించారు, అదీ రెండు వేళ్లు పక్కకు. "ఫిక్స్ చేయించిన సార్, ఇగ జన్మల కదలదు" అన్నాడు షాపాయన. అపస్వరానికి ఇంత గట్టి గ్యారంటీ ఏ కంపెనీ ఇస్తుంది?

ఐదో తీగను బిగించే చీల నెక్ పక్కన, ఐదో ఫ్రెట్ దగ్గర ఉంటుంది. ఎవడో తప్పు చోట కొట్టాడనుకుని దాన్ని పీకేసి, రంధ్రంలో మైనం కూరారు. పాత నాలుగు తీగల బెంజోలకు ఐదు తీగల నెక్ చేయించడానికి అమెరికాలో బోలెడు డబ్బు పోస్తారు. మనవాళ్లు అదే పని వెనక్కి, పటకారుతో నిమిషంలో కానిచ్చారు.

తోలు కింద టోన్ రింగ్ (మోతకు సాయపడే లోహపు వలయం) ఉందో లేదో చూద్దామంటే, "విప్పితే యాంటిక్ పోతది సార్" అన్నాడు. సరే, తోలు మీద వేలితో కొట్టి చూశాను. దూడతోలు తేమకు సాగుతుంది, పైగా అది జూలై. తడిసిన అట్టపెట్టెలా డబ్బుమంది. నవాబుల కాలం గాంభీర్యం అలాగే ఉంటుందట! మీటి చూద్దామంటే రెండే తీగలు మిగిలాయి. మిగతా సౌండ్ ఇంటికి పోయినంక తెలుస్తదన్నాడు.

ధర మాత్రం, చీల పీకిన తీగతో సహా, ఐదింటికీ కలిపి చెప్పాడు.