బోరుబావి గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజరాజశ్రీ బోరుబావి గారి దివ్యసముఖానికి,

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట పెట్టుకున్న ఒక రైతు నమస్కరించి రాసుకునే విన్నపం. తమరు ఆరున్నర అంగుళాల వెడల్పున, 1000 అడుగుల లోతున కొలువై ఉంటారు కనుక ఈ ఉత్తరం చేరడానికి ఆలస్యమవుతుందని తెలుసు. మా డబ్బు చేరినంత వేగంగా తమ దగ్గరకు మరేదీ చేరిన దాఖలా లేదు.

ముందుగా తమ రుసుముల పద్ధతిని కొనియాడాలి. లోకంలో పని జరిగితే కూలి ఇస్తారు. తమ దగ్గర పని జరగకపోతేనే కూలి పెరుగుతుంది. సాధారణంగా మొదటి 300 అడుగుల దాకా అడుగుకు ఒక ధర, అక్కడి నుంచి ప్రతి వంద అడుగులకూ మరింత ధర. 200 అడుగుల్లోనే నీళ్లు పడ్డ అదృష్టవంతుడు తక్కువ చెల్లించి బయటపడతాడు. 800 అడుగుల దాకా తెల్లదుమ్ము తప్ప తేమ చూడని నిర్భాగ్యుడు అన్ని ధరలూ కట్టి, పైగా పైమట్టి జారకుండా బోరులో దింపే కేసింగ్ పైపుల ఖరీదు కూడా ఇచ్చుకుంటాడు. ఇందులో రిగ్గు యజమానిని తప్పుపట్టడానికి లేదు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి రిగ్గు బండినీ, దానికి తోడు కంప్రెసర్ బండినీ ఇంత దూరం తోలుకొచ్చే ఆ మనిషి రాయి తొలుస్తానన్నాడే గాని, నీళ్లు ఇప్పిస్తానని ఏనాడూ మాట ఇవ్వలేదు. అర్ధరాత్రి మిషను దగ్గర నిలబడిన కుర్రవాడు "ఇంకో యాభై అడుగులు పోదామా అన్నా?" అని అడిగినప్పుడు, అప్పటికే పెట్టిన డబ్బు మీద మమకారంతో తల ఊపేది మేమే. ఆ యాభై అడుగుల తరువాత మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, తల మళ్లీ ఊగుతుంది.

తమరు ఎక్కడ వెలియాలో నిర్ణయించే పెద్దల సంగతి చెప్పకపోతే ఈ విన్నపం అసంపూర్తిగా ఉంటుంది. ఒకాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేను కలియదిరుగుతాడు. అది లేచి నిలబడిన చోట సున్నంతో గుర్తు పెడతాడు. ఇంకొకాయన చేతిలో పంగగా చీలిన వేపపుల్ల ఉంటుంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవారికే పుల్ల తిరుగుతుందని మా ప్రాంతంలో కొందరి గట్టి నమ్మకం. ఆసుపత్రిలో రక్తదానం చేయమంటే ముఖం చాటేసేవాడు కూడా ఈ పనికి మాత్రం తన గ్రూపు ఏదో గర్వంగా ప్రకటించుకుంటాడు. నేలలో నాలుగు రాడ్లు దిగ్గొట్టి కరెంటు పంపి కొలిచే జియాలజిస్టు వస్తే, ఆయన చూపిన చోటూ టెంకాయ లేచిన చోటూ ఒకటేనా అని సరిచూసుకున్నాకే మాకు మనసు కుదుటపడుతుంది. నీళ్లు పడితే ఆ ఘనత పాయింట్ పెట్టినవారిది. పడకపోతే రిగ్గు రెండడుగులు పక్కకు జరిగిందన్నమాట.

భూమి సంగతి తమకు నేను చెప్పనక్కర లేదు. ఈ సీమలో ఎక్కువ భాగం పైన కొంత మట్టి, దాని కింద గరుసు, ఆ కింద గట్టి గ్రానైటు జాతి రాయి. నీళ్లుండేది గరుసులోనూ రాతి పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా బిగుసుకుపోతాయి. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అందులో ఇంకేది కొంతే అయినప్పుడు, పాతాళంలో ఏదో గంగ పారుతోందని నమ్మి తవ్వడానికి భూగర్భ శాస్త్రం సరిపోదు, భక్తి కావాలి. ఆ భక్తికి మా దగ్గర లోటు లేదు. మోటబావి ఎండితే దాని అడుగునే బోరు వేశాం; అదీ చాలకపోతే బావి గోడల్లోకి అడ్డబోర్లు వేశాం. కొన్ని చోట్ల, ముఖ్యంగా నల్గొండ వైపు, రాతిలోని ఫ్లోరైడు కలిసిన నీళ్లు తాగి మనుషుల ఎముకలు వంకర్లు పోయాయి. దాని గురించి వ్యంగ్యంగా రాయడానికి నాకు చేయి రాదు.

ఇక తమ అసలు ప్రతిభకు వస్తాను. తమరు నీళ్లను పుట్టించరు, చేతులు మారుస్తారు. గట్టుకు అవతల చిన్నాన్న బోరు 400 అడుగులైతే, ఇవతల అబ్బాయి 600 అడుగులు వేయిస్తాడు. నీళ్లు పడతాయి, రెండంగుళాల ధార చూసి టెంకాయలు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు. కొన్నాళ్లకు చిన్నాన్న మోటారు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ఆయన పుస్తెలు తాకట్టు పెట్టి 800కు వెళతాడు. అప్పుడు అబ్బాయి వంతు. నేల అడుగున ఉన్నది ఒకే నీరైనా, పైన ఇద్దరూ తమతమ సొంత నీళ్ల కోసమే పోరాడుతున్నామనుకుంటారు. చట్టమూ అదే అనుకుంది. నిర్ణీతమైన ప్రవాహంగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో సేకరించుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పింది. ఆ చట్టం రాసిన రోజుల్లో మా ఊళ్లలో నీళ్లు తోడినవి రెండెద్దులూ ఒక మోటా. ఎద్దులకు అలుపు వచ్చేది. హక్కు ఎంతదాకా వెళ్లాలో వాటి డొక్కలు చెప్పేవి.

తమకు అలుపు లేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అంతకుముందు కరెంటు బిల్లు కట్టిన చేతులు ఇప్పుడు ఆటో స్టార్టరు బిగించుకుని పడుకుంటాయి. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు తమరే మేలుకుని, మడి నిండినా నిండకపోయినా తోడుతూ ఉంటారు. అలాగని ప్రభుత్వం తమను పట్టించుకోలేదనడం అన్యాయం. కొత్త బోరుకు అనుమతి ఉండాలని, రిగ్గులను నమోదు చేయించాలని 2002లో నీటినీ, భూమినీ, చెట్లనూ కాపాడే వాల్టా చట్టం తెచ్చారు. ఆ చట్టం పగటిపూట చాలా బాగా పనిచేస్తుంది. అందుకేనేమో, రిగ్గు బండి ఎక్కువగా చీకటి పడ్డాకే ఊళ్లోకి వస్తుంది.

తమకు గిట్టని పని ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. భూగర్భ జలాన్ని రైతులే చూసుకునే ఏపీఎఫ్ఏఎమ్‌జీఎస్ అనే పథకంలో, మా అనంతపురంతో సహా ఏడు జిల్లాల రైతులు వానను, బోర్లలో నీటిమట్టాన్ని స్వయంగా కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టుకున్నారు. ఎవరినీ నిర్బంధించలేదు, లెక్క చూసుకుని వరి తగ్గించుకున్నవారున్నారు. తమ కీర్తికి ఇంతకు మించిన అవమానం లేదు. తాడు కట్టి లోతు కొలిచేవాడి ముందు టెంకాయ లేచి నిలబడదు కదా.

ఫెయిలయిన తమ సోదరుల గురించి కూడా ఒక మాట. నీళ్లు పడని బోరు నుంచి మేము మొదట చేసే పని కేసింగ్ పైపులు లాగేసుకోవడం. పెట్టిన దానిలో తిరిగి వచ్చేది అదొక్కటే. పైపు పోతే నోరు వెడల్పవుతుంది, అంచు మట్టి జారుతుంది, గోనెసంచీ కప్పి రాయి పెట్టి వెళ్లిపోతాం. పసిపిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది: తవ్వే ముందు 15 రోజుల నోటీసు, చుట్టూ కంచె, పైన మూత, వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చడం. పూడ్చడానికి రెండు మూడు ట్రాక్టర్ల మట్టి చాలు. 900 అడుగులు తవ్వడానికి అప్పు పుట్టిన చోట ఆ మట్టికి డబ్బు పుట్టకపోవడం తమ మాయ కాక మరేమిటి?

చివరిగా నా మనవి. ఆ ఎండిన బోర్లలో కొన్నింటినైనా పూడ్చకుండా, పైపు ఉంచి, చుట్టూ గుంత తీసి, రాళ్లూ కంకరా ఇసుకా నింపి, వాననీటిని వడగట్టి లోపలికి పంపవచ్చని అధికారులు చెబుతున్నారు. ఇన్నేళ్లూ తమరు మాకు ఇవ్వని నీళ్లు ఇకపై మేమే తమకు ఇచ్చుకుంటామన్నమాట. ఊళ్లో ఈ మాట ఎత్తాను. అందరూ శ్రద్ధగా విన్నారు. గట్టు అవతలి నీళ్లు లాగేటప్పుడు ఎవరికీ రాని సందేహం ఒకటి అప్పుడు చిన్నాన్నకు వచ్చింది: "అట్లయితే మనం గుంత తీసి పంపిన నీళ్లు పక్కోడి బోరులోకి పోవూ?"

తమకేమైనా తెలిస్తే సెలవియ్యండి.

చిత్తగించవలెను.