ఆ మెసేజీ నాకు మళ్లీ పంపకండి

సోమవారం పొద్దున్న మా ఆడపడుచు పంపింది. మధ్యాహ్నానికి టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. రాత్రి పాలబ్బాయి కూడా పంపాడు, "మేడమ్, సార్‌కి పనికొస్తాదేమో సూడండి" అని. "యాభై ఏళ్లకే మతిమరుపా? డాక్టర్లు దాచిన 7 నిజాలు" అని హెడ్డింగు, పక్కన మూడు ఎర్ర సైరన్లు. ప్రేమతోనే పంపుతున్నారని తెలుసు. అందుకే ఇన్నాళ్లూ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. తొమ్మిదోసారి వచ్చాక ఇక దండం పెట్టే ఓపిక లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా ఆయన విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇప్పుడు 53. నలభై తొమ్మిదో ఏట జబ్బు మొదలైంది. అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, అంటే మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతిని మనిషి తీరే మారిపోయే జబ్బు అని తేలేసరికి రెండేళ్లు పట్టింది. అందులో ఏడాది డిప్రెషన్ మాత్రలు మింగించాను. మిగతా ఏడాది "మీ ఆయన తాగుతున్నాడేటమ్మా" అన్నవాళ్లకి జవాబు చెప్పుకుంటూ తిరిగాను.

ఇక ఆ నిజాల సంగతి.

మొదటిది: అరవై అయిదు దాటకుండా డిమెన్షియా రాదు, వచ్చిందంటే అది ఆసుపత్రుల దోపిడీ. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అనే జబ్బుకి ఏ డాక్టరు పేరు పెట్టారో ఆ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన తొలి పేషెంటు ఆగస్టే డెటర్. ఆవిడకి అప్పుడు 51 ఏళ్లు. అంటే ఆ జబ్బుని కనిపెట్టిందే యాభై ఏళ్ల మనిషిలో. ప్రపంచం మొత్తం మీద 30 నుంచి 64 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు 39 లక్షల మందికి ఏదో ఒక రకం డిమెన్షియా ఉందని 2021లో లెక్క కట్టారు. దోపిడీ అంటారా, చివరికి మాకు సరైన దారి చూపించిన డాక్టరు ముందు రాసిన పరీక్షలు బీ12 విటమిన్, థైరాయిడ్. అవి తేడా వచ్చినా మనిషి ఇలాగే మారిపోవచ్చు, వాటికి మందుంది కాబట్టి ముందు అవి చూడాలన్నారు. ఎమ్మారై ఆ తర్వాతే. దోచుకునేవాడు రక్తపరీక్షతో సరిపెట్టుకుందామని చూస్తాడా?

రెండోది, అల్యూమినియం గిన్నెల్లో వండితే ఈ జబ్బు వస్తుందట. మా అత్తగారు యాభై ఏళ్లుగా ఆ గిన్నెల్లోనే వండుతున్నారు. ఆవిడకి 81. పాలవాడి బాకీ పైసలతో సహా చెబుతారు. ఇది రుజువు కాదని నాకూ తెలుసు. మీ మెసేజీలో ఉన్నది అంతకన్నా రుజువు కాదు.

మూడోది, పరగడుపున కొబ్బరినూనె, 21 రోజులు తాగితే తగ్గిపోతుందట. అదే నిజమైతే కేరళలో ఈ జబ్బు పేరే వినపడకూడదు. ఈ జబ్బు ఉన్నవాళ్ల కోసం మన దేశంలో జాతీయ సంఘం పుట్టిందే కేరళలో, 1992లో. నూనె తలకి రాసుకోండి, జుట్టుకి మంచిది.

నాలుగో దాని దగ్గర నాకు ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పాత విషయాలు గుర్తున్నాయంటే జబ్బు లేనట్టే. బాధ్యత తప్పించుకోవడానికి నటిస్తారు. జాలి పడకండి. రోజూ ప్రశ్నలు అడగండి, తప్పు చెబితే గట్టిగా మందలించండి. దారికి వస్తారు."

మా ఆయన ఈ రోజుకీ పందొమ్మిదో ఎక్కం గడగడా చెబుతారు. విజయనగరం నుంచి విశాఖ వైపు స్టేషన్లు వరసగా కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి అని తడుముకోకుండా అప్పజెబుతారు. అదే మనిషి మూడు రోజులు ఒకే చొక్కాతో తిరుగుతారు, మార్చుకోవాలని తోచదు. ఈ రకంలో ముందు దెబ్బ తినేది జ్ఞాపకం కాదు మహాప్రభో. ఎక్కడ ఎలా ఉండాలి, ఎదుటివాడికి ఏమనిపిస్తుంది, ఎక్కడ ఆగాలి, అవన్నీ చూసుకునే చోటు, నుదుటి వెనక, కుంచించుకుపోతుంది. ఎమ్మారైలో నాకే కనిపించింది.

మా పెదమావగారి పదకొండో రోజు భోజనాలు. ఈయన పక్కనున్న పెద్దాయన ఆకులోంచి గారె తీసుకుని తినేశారు. తర్వాత ఇంకోటి. పంక్తి మొత్తం చూస్తోంది. నేను లేపి చేతులు కడుక్కునే చోటుకి లాక్కెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక దెబ్బ కూడా వేశాను. ఆయన నా చెయ్యి చూసి "గాజు పగిలింది" అన్నారు. అని, తిరిగి వెళ్లి పంక్తిలో కూర్చుని వడ్డించేవాణ్ణి ఇంకో గారె అడిగారు.

ఆ నాలుగో పాయింటు ఎవరూ చెప్పకుండానే నేను ఎనిమిది నెలలు అమలు చేశాను. పొద్దున్నే ఇవాళ ఏ వారం, నిన్న కూరేంటి, ఇలా చేస్తే నలుగురూ ఏమనుకుంటారు? వారం కరెక్టుగా చెప్పేవారు. నలుగురి సంగతి అడిగితే నవ్వేవారు. దారికి రాలేదు. నాకు బీపీ వచ్చింది.

ఇక బాధ్యత తప్పించుకోవడం. క్లాసులో ఒకే లెక్క మూడుసార్లు చేయిస్తున్నారని, పిల్లల టిఫిన్ డబ్బాలు తీస్తున్నారని మెమో ఇచ్చారు. "రాజీనామా రాయించెయ్యండమ్మా, పరువు దక్కుతుంది" అని సలహా చెప్పిన పెద్దమనుషులున్నారు. సంతకం పెట్టమంటే ఆయన పెట్టేసేవారే, పెళ్లి పత్రికిచ్చినా పెడతారు. ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం మీద వేరే పోస్టులోకి మార్చాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు చూపించాలి అని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సర్టిఫికెట్ కోసం ఎంత తిరిగానో అదో పెద్ద కథ. కానీ డాక్టర్లు దాచిన 7 నిజాల్లో ఈ ఒక్క నిజం లేదేం?

అయిదోది: "ఇది వంశంలో వస్తుంది, ఆ ఇంటి సంబంధాలు చేసుకునే ముందు ఆలోచించండి." మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. తను కూడా ఆ ఫ్యామిలీ గ్రూపులో ఉంది, పంపేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యువు వల్ల వచ్చే మాట నిజం, అలాంటప్పుడు పిల్లలకి సగానికి సగం అవకాశం ఉంటుంది. అలాంటి కుటుంబాలు తక్కువ. డాక్టరు మా అటు ఇటు మూడు తరాలు అడిగి రాసుకున్నారు. షుగరున్న ఇళ్లకి పిల్లనివ్వం అని కూర్చుంటే విజయనగరంలో ఈ మాఘమాసం ఒక్క మేళం మోగదు.

ఆరోది చదివి మాత్రం ఆగాను. "అలాంటి వారిని ఇంట్లో దాచకండి, నలుగురిలో తిప్పండి, పాత స్నేహితులను కలపండి." ఇది రాసినవాడెవడో గానీ ఒప్పుకుంటున్నాను, నిజమే. గారెల గొడవ తర్వాత నేను ఆయన్ని ఏడాది పాటు పెళ్లికి, పేరంటానికి దేనికీ తీసుకెళ్లలేదు. పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు కూడా తలుపేసుకుని ఇంట్లోనే ఉన్నాం. జబ్బు కన్నా సిగ్గే ఎక్కువైంది నాకు. ఇప్పుడు సాయంత్రం కోట చుట్టూ ఒక రౌండు తిప్పుతున్నాను, నడిచిన రోజు రాత్రి కాస్త నిద్రపోతున్నారు. టీ కొట్టు కుర్రాడికి విషయం చెప్పాను. ఎన్ని బిస్కెట్లు తీసినా ఏమీ అనడు, ఖాతాలో రాస్తాడు.

అయితే పాత స్నేహితులను కలపండి అని నాకు పంపిన తొమ్మిది మందిలో ఆరుగురు ఆయన పాత స్నేహితులే. వాళ్లలో ఒక్కరూ రెండేళ్లుగా మా గుమ్మం తొక్కలేదు.

ఏడోది, పది మందికి పంపితే పుణ్యం. పంపారుగా, వచ్చేసి ఉంటుంది.

ఆదివారం నాలుగింటికి టీ పెడతాను. ఆయనతో స్టేషన్లు చెప్పించుకోండి, ఆనందంగా చెబుతారు. స్వీట్లు మాత్రం తేకండి, పంచదార డబ్బాకే తాళం వేసుకుంటున్నాను.